తూర్పు గోడ

రత్నకుమారి గీసిన ఏ డ్రాయింగు తీసి చూసినా కుడివైపు అడుగున ఒక చిన్న పెట్టె, అందులో ఒక వాక్యం ఉంటాయి: ‘ఇంజనీరు అనుమతి లేకుండా ఏ మార్పూ చేయరాదు.’ ఇరవై ఆరేళ్లుగా కెనడాలోని గ్వెల్ఫ్‌లో కూర్చుని ఆవిడ ఆ వాక్యం రాస్తూనే ఉంది. గోదాములకు రాసింది, ఫ్యాక్టరీలకు రాసింది, ఒకసారి చర్చి గోపురానికీ రాసింది. నిజానికి దాన్ని కంప్యూటరే వేసేస్తుంది. కానీ ఆ మాట మీద ఆవిడకున్న నమ్మకం మాత్రం కంప్యూటర్ పెట్టింది కాదు, పుట్టుకతో వచ్చింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం. చెడ్డ మనిషి కాదు సుమండీ, కుందేలు విషయంలోనే కాస్త ఇబ్బంది.

అలాంటి మనిషి రెండేళ్ల కిందట ఆ ఊళ్లోనే ఉన్న ఒక చిన్న సహాయ సంస్థలో వాలంటీరుగా చేరింది. యుద్ధం పాడుచేసిన దేశాల్లో మళ్లీ ఇళ్లూ బళ్లూ కట్టుకునేవాళ్లకు ఆ సంస్థ సాయం చేస్తుంది. వాళ్ల పద్ధతి వేరు. ఏం కట్టాలో, ఎక్కడ కట్టాలో, ఎలా ఉండాలో ఆ ఊరి కమిటీయే తేల్చుకుంటుంది. మేస్త్రీలూ ఆ ఊరివాళ్లే. ఇక్కడి ఇంజనీరు చూడాల్సింది ఒక్కటే: భూమి కదిలినా కట్టడం నిలబడుతుందా, లేదా. నిలబడుతుందంటే సంతకం పెట్టాలి. అంతే. ఆ నియమం చదివే ఆవిడ చేరింది. చదవడం వేరు, చేతులు కట్టుకుని కూర్చోవడం వేరు.

ఈసారి వచ్చింది ఉత్తర సిరియాలోని ఒక పల్లె బడి. నాలుగు గదులు, ఒక వంటగది. కమిటీకి పెద్ద ఆ బడి హెడ్మిస్ట్రెస్ సల్మా. ఊరి మేస్త్రీ గళ్ల నోటుబుక్కు కాగితం మీద ప్లాను గీసి పంపాడు. స్తంభాలు సన్నంగా ఉన్నాయి, ఇనుము చాలలేదు. రత్నకుమారి వారం రోజులు కూర్చుని అవన్నీ సరిచేసింది. అందుకు ఆవిడకు దణ్ణం పెట్టాలి. కానీ పెట్టిన చెయ్యి ఊరుకుంటుందా? వంటగదిని ఓ మూలకు, హెడ్మిస్ట్రెస్ గదిని ఇంకో మూలకు జరిపింది. పడమటి గోడకున్న పెద్ద తలుపును తూర్పు గోడకు మార్చింది.

కమిటీ జవాబు మర్యాదగా వచ్చింది. స్తంభాలు మీరు చెప్పినట్టే వేస్తాం, గదులూ సరే, తలుపు మాత్రం పడమటికే ఉంచండి అని. ఆవిడ ఊరుకోలేదు. పడమటి ఎండ పిల్లల మొహాన కొడుతుంది, తూర్పైతే పొద్దుటి వెలుతురు వస్తుంది, గాలి బాగా ఆడుతుంది అంటూ పేజీన్నర రాసింది. మళ్లీ అదే జవాబు. ఇంకో పేజీ రాసింది. మూడోసారి ఒక్క లైనే వచ్చింది: ‘తలుపు పడమటికి.’ కారణం లేదు.

సోమవారానికల్లా సంతకం చేసిన డ్రాయింగు అక్కడికి చేరాలి. చేరితే పునాది పోసుకుని, చలికాలం వానలు ముదిరేలోపు పైకప్పు వేసుకుంటారు. చేరకపోతే రెండు చలికాలాలు టెంటులో చదివిన పిల్లలకు మూడోది కూడా టెంటులోనే. ఆ సంగతి రత్నకుమారికి తెలుసు. తెలిసి కూడా సంతకం పెట్టబుద్ధి కావడం లేదు. తప్పని తెలిసినదాని మీద పేరెలా పెట్టేది? శనివారం పొద్దున్న టిఫిన్ బల్ల మీద డ్రాయింగు పరుచుకుని కూర్చుందే గానీ, ఎదురుగా పెట్టిన పెసరట్టు ముట్టుకోలేదు.

భర్త మల్లికార్జున్ అట్లకాడ పట్టుకునే వచ్చి భుజం మీంచి తొంగిచూశాడు. ఆయనది సాఫ్ట్‌వేర్. స్తంభాల సంగతి తెలియదు, అట్ల సంగతి బాగా తెలుసు.

“ఎవరిదీ ఇల్లు?”

“ఇల్లు కాదండీ, స్కూలు. ఆ సిరియాది.”

“మరి వాస్తు ఎవరు చూశారు?”

“వాస్తేంటి?” అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

“తూర్పు సింహద్వారం. ఆగ్నేయంలో వంట. నైరుతిలో పెద్దావిడ గది. ఈశాన్యం ఖాళీ. బాత్రూములు వాయవ్యంలో పడేశావ్. మనింటి ప్లానే కదా రత్నా, కాస్త సాగదీశావంతే.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడకు ఎక్కడలేని కోపం వచ్చింది. “నేను లైటు చూసి పెట్టాను. వెంటిలేషన్ చూసి పెట్టాను. వాస్తు గీస్తూ నన్నెప్పుడైనా చూశారా మీరు?”

“ఈ ఇల్లు కొన్నప్పుడు చూశా,” అన్నాడాయన నెమ్మదిగా. “పదకొండు నెలలు తిప్పావ్. ఈస్ట్ ఫేసింగ్ అయితే గుమ్మం ముందు స్నో త్వరగా కరుగుతుందని ఏజెంటుకి చెప్పావ్. పాపం, అతను నమ్మాడు కూడా.”

ఆయన అట్టు మాడుతోందని లోపలికి పోయాడు. ఆవిడ మళ్లీ డ్రాయింగు వైపు చూసింది. తణుకులో వాళ్ల నాన్న బిల్డింగ్ కాంట్రాక్టరు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని సుద్దముక్కతో గదులు గీసేది. తలుపు తూర్పుకి తప్ప ఇంకోవైపు గీస్తే ఆయన ఏమీ అనకుండా తుడిచేసేవాడు. నాన్నతో వాస్తు మీద ఎన్ని వాదాలు పెట్టుకుంది! ఇంజనీరింగు చదివాక ఇంకా ఎక్కువ పెట్టుకుంది. వాదంలో ఎప్పుడూ తనే గెలిచింది. చెయ్యి మాత్రం నాన్న దగ్గరే ఉండిపోయిందన్నమాట. వెలుతురూ గాలీ అంటూ రాసిన రెండు ఉత్తరాలూ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

తొమ్మిదికి వీడియో కాల్. సంస్థ తరఫున నబీల్ ఏర్పాటు చేశాడు. ఆయనది ఆ దేశమే, ఇప్పుడు గ్వెల్ఫ్‌లోనే ఉంటాడు. వాళ్ల అరబ్బీని ఇంగ్లీషులోకీ, ఈవిడ ఇంగ్లీషును అరబ్బీలోకీ మారుస్తాడు. అక్కడ సాయంత్రం నాలుగైంది. సల్మా ఫోను పట్టుకుని స్థలమంతా నడుస్తూ చూపించింది. యాభై ఏళ్ల మనిషి, గొంతులో తొందర లేదు.

“ఇది పడమర. అదిగో రొట్టెల బట్టీ, అవి ఇళ్లు. పిల్లలు బయటికి రాగానే ఎవరో ఒకరి అమ్మ కనబడుతుంది.”

ఫోను ఇటు తిరిగింది. కొన్ని ఆలివ్ చెట్లు, వాటి వెనక ఒక బోడి కొండ.

“ఇది తూర్పు. ఆ కొండ మీద నుంచి మూడేళ్లు కాల్చారు. పాత బడి తలుపు ఇటే ఉండేది.”

తర్వాత ఆమె ఇంకో మాట అంది. నబీల్ దాన్ని మెల్లగా ఇంగ్లీషులోకి మార్చాడు. “బడి మీద గుండు పడినప్పుడు పిల్లలు ఆ తలుపులోంచే బయటికి పరిగెత్తారట. ఇప్పటికీ పిల్లలెవరూ ఆ కొండకి ఎదురుగా నడవరట. టెంటుకి కూడా అటువైపు గుడ్డ కుట్టేశారట.”

రత్నకుమారి నోట వచ్చిన మాట ఇది: “ఈ ముక్క ముందే రాస్తే వెంటనే మార్చేసేదాన్ని కదా.”

సల్మా కోప్పడలేదు. “ఇదివరకు రాసేవాళ్లం. అడిగిన ప్రతివాళ్లకీ రాశాం. బల్లలు కావాలంటే ఒకసారి, కిటికీలు కావాలంటే ఒకసారి. ఎవరు పోయారో, ఎంతమందో అన్నీ రాశాం. మీ సంస్థ ఒక్కటే ‘నిర్ణయం మీది’ అంది. అందుకే ఈసారి కారణం రాయొద్దనుకున్నాం. మా తలుపు మేం పెట్టుకోవడానికి కూడా మా పిల్లల సంగతి చెప్పుకోవాలా, ఇంజనీరు గారూ?”

రత్నకుమారికి తల కొట్టేసినట్టయింది. సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో తప్పు లెక్క వేసినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు. “చెప్పక్కర్లేదు. నేను అడక్కూడదు. తప్పు నాదే,” అంది. అని ఊరుకోలేక నిజం కూడా చెప్పేసింది. “ఆ తూర్పు తలుపు లెక్క కట్టి పెట్టింది కాదండీ. మా నాన్న అలవాటు. మా వైపు తలుపు తూర్పుకుంటే ఇంటికి మంచిదంటారు. నేను నమ్మనంటూనే ఎక్కడ గీసినా అటే గీస్తాను. ఇవాళే తెలిసింది నాకూ.”

నబీల్ అది చెప్పగానే సల్మా నవ్వింది. “మా మేస్త్రీ దిష్టి తగలకుండా నీలం పూస వేయనిదే పునాది పోయడు. డబ్బు దండగని నేను రోజూ తిడతాను, మళ్లీ పూస నేనే కొనిస్తాను.”

ఇద్దరూ నవ్వుకున్నారు. రత్నకుమారి గుండె కాస్త తేలికపడింది. తలుపు పడమటికి మార్చి ఇవాళే సంతకం చేసి పంపుతానంది. కాల్ అయిపోతుందనగా సల్మా ఆగింది.

“ఒకటి అడుగుతాను. గోడకి నష్టమైతే వద్దనండి. తూర్పు గోడలో తలుపంత జాగా వదిలి, పైన బరువు మోసే దూలం వేసి, ప్రస్తుతానికి ఇటుకలతో మూసేయవచ్చా?”

“వెయ్యొచ్చు. నష్టమేమీ లేదు. కానీ ఎందుకు?”

“ఇప్పుడు ఒకటో తరగతిలో చేరేవాళ్లకు ఆ చప్పుళ్లు గుర్తులేవు. పెద్దయ్యాక ఎప్పుడో వాళ్లే అడుగుతారు, పొద్దుటి వెలుతురు వచ్చే వైపు తలుపెందుకు లేదని. ఆ రోజున గోడంతా పడగొట్టకుండా ఆ ఇటుకలు తీసేస్తే చాలు. వెలుతురు గురించి మీరు రాసింది నిజమే కదా.”

కాల్ అయిపోయాక రత్నకుమారి కళ్లు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. పెద్ద తలుపును పడమటి గోడకు చేర్చింది. ఈసారి చెయ్యి మొరాయించలేదు. తూర్పు గోడలో తలుపంత జాగా గీసి, పైన దూలం వేసి, అటూ ఇటూ ఇనుము చూపించి, మధ్యలో ఇటుకలు నింపింది. లెక్కలు రెండుసార్లు సరిచూసింది. మల్లికార్జున్ పెసరట్టు మళ్లీ వేడిచేసి తెచ్చి పక్కన పెడితే, చూడకుండానే తినేసింది.

సంతకం పెట్టబోతే కుడివైపు అడుగున పెట్టెలో కంప్యూటర్ ఎప్పటి వాక్యం వేసేసి ఉంది. దాన్ని అలాగే ఉంచింది, స్తంభాల జోలికి ఎవరూ పోకూడదు మరి. దాని కింద తన చేత్తో ఇంకో వాక్యం కొట్టింది. అరబ్బీలో కూడా రాసి ఇమ్మని నబీల్‌కి మెసేజ్ పెట్టింది.

‘తూర్పు గోడలో మూసిన తలుపును ఈ ఊరివాళ్లు తమకు ఇష్టమైనప్పుడు తెరుచుకోవచ్చు. అందుకు ఇంజనీరు అనుమతి అవసరం లేదు.’