పుల్లయ్య వల

వెదురు సూదికి నైలాను దారం చుడుతూ సూరయ్య మరోసారి ఎడమ భుజం నొక్కుకున్నాడు. పొద్దుటి నుంచీ అక్కడ ఒకటే సలుపు. గ్యాసేలే అనుకున్నాడు. సూరయ్య లెక్కలో మనిషికొచ్చే రోగాల్లో సగం గ్యాసు, మిగతా సగం ఎండదెబ్బ. మొదటిదానికి గోలీసోడా, రెండోదానికి మజ్జిగ. యాభయ్యో పడి దగ్గరపడుతున్నా ఈ వైద్యంతోనే నెట్టుకొచ్చాడు.

వన్‌టౌన్‌లో సామారంగం చౌక్ దాటి లోపలికి పోయే సందులో రత్తయ్యగారి వలల కొట్టు. ముందు గది నిండా తాళ్ళ చుట్టలు, సీసపు గుళ్ళు, బెండ్లు. వెనక గదిలో సూరయ్య. గోడ మేకుకు వల తగిలించుకుని, ఒక కాలు చాపి, బొటనవేలికి దారం బిగించి అల్లుతుంటాడు. పొట్టి మనిషి, బక్కపలచన. చేతులు మాత్రం ఇంకో పెద్ద మనిషివి తెచ్చి అతికించినట్టుంటాయి. దారం కోసీ కోసీ వేళ్ళ సందుల్లో నల్లటి గీతలు పడ్డాయి. మాట్లాడుతున్నా, కునుకు తీస్తున్నా ఆ వేళ్ళు ముళ్ళు వేస్తూనే ఉంటాయి.

ఆ రోజు అల్లుతున్నది కంకిపాడులో ఒక బడి ఆటస్థలానికి గోలు వల. చేపల వలలు మిషన్ల మీద చవగ్గా దొరుకుతున్నప్పటి నుంచీ కొట్టుకు ఇలాంటి బేరాలే ఎక్కువయ్యాయి. మొదటిసారి గోలు వల అల్లమన్నప్పుడు సూరయ్య అలవాటు కొద్దీ దానికి చేపల వలకు పెట్టినట్టే కడుపు పెట్టాడు, లోపలికి పోయింది బయటికి రాకుండా. గోలు పడ్డప్పుడల్లా బంతి ఆ సంచిలో ఇరుక్కుపోయి, ఆట ఆపి చెయ్యి దూర్చి లాక్కోవాల్సి వచ్చిందట. "బంతినే కాదు, గోల్‌కీపర్ని కూడా పట్టేట్టున్నావయ్యా" అని రత్తయ్యగారు ఇప్పటికీ నవ్వుతుంటారు.

"బాబాయ్! ఇవాళే. ఐదింటికి. టర్కీతో!" ఎదుటి టీవీ రిపేరు షాపులోంచి కిరీటి కేకేశాడు.

"తెలుసులేరా" అన్నాడు సూరయ్య. తెలియకేం, నిన్నటి నుంచీ అతనికి అన్నం సయించడం లేదు.

అది రెండువేల రెండు, జూన్ నెల. ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ కొరియాలో, జపాన్‌లో జరుగుతోంది. మే నెలాఖరున ఒక సాయంత్రం సోడా తాగడానికి బయటికొచ్చిన సూరయ్య, కిరీటి షాపు ముందు నలుగురు గుమిగూడి ఉండటం చూసి ఆగాడు.

"ఏంట్రా గోల?"

"సెనెగల్ అని ఆఫ్రికాలో చిన్న దేశం బాబాయ్. వరల్డ్ కప్పు మొహం చూడ్డం ఇదే మొదలు. అవతల ఫ్రాన్సు, పోయినసారి కప్పు కొట్టినోళ్ళు. మన యానాన్ని ఏలినట్టే వీళ్ళనీ ఏలారంట."

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనుకున్నారు అందరూ. తీరా చూస్తే పిచ్చుకే గెలిచింది. షాపు ముందు ఈలలు, చప్పట్లు. సూరయ్యకు అవేవీ వినపడలేదు. ఆ జట్టులో సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకడు బంతి వెంట పరిగెడుతూ కుడి భుజం కొంచెం కిందికి వంచాడు. పరుగు ఆపాక రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, తల పక్కకు వాల్చి నిలబడ్డాడు. సూరయ్య చేతిలో సోడా సీసా జారి కాలి మీద పడింది.

అచ్చం పుల్లయ్య.

పుల్లయ్య సూరయ్య తమ్ముడు. నాగాయలంక దిగువన సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లె వాళ్ళది. చిరిగిన వలముక్కలు ఉండ చుట్టి, ఇసుకలో రెండు తెడ్లు పాతి, సాయంత్రం దాకా ఆడేవాడు. పనికి పిలిస్తే చెవిన వేసుకునేవాడు కాదు. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చిన నాడు సూరయ్య పల్లెలో లేడు. పుట్టింటికెళ్ళిన భార్య సన్యాసమ్మను తీసుకురావడానికి బందరు పోయాడు. నేనూ వస్తానని వెంటపడ్డ తమ్ముణ్ణి, "ముందా విసురు వల పూర్తి చేసి చావు" అని కసిరి మరీ వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పల్లె లేదు. అమ్మానాన్నల శవాలు దొరికాయి. పుల్లయ్య దొరకలేదు. వాడు అల్లుతున్న వల మాత్రం మడచెట్ల కొమ్మలకు చిక్కుకుని కనపడింది, వెదురు సూది దానికే వేలాడుతూ.

ఆ పల్లెలో ఒక ఆనవాయితీ ఉండేది. నీళ్ళలో పోయినవాడి శవం దొరక్కపోతే, అతను సగంలో వదిలిన వలను ఆ ఇంటి రక్తం పంచుకు పుట్టినవాడు పూర్తి చేసి నీళ్ళలో వదలాలి. అదే దహనం, అదే దినం. పరాయి చెయ్యి, చివరికి ఆ ఇంటి కోడలి చెయ్యయినా, దాని మీద ముడి వెయ్యకూడదు. ఆఖరి ముడి పడేదాకా పోయినవాడు ఇటు ఒడ్డుకూ అటు నీటికీ కాకుండా తిరుగుతుంటాడని నమ్మకం. సూరయ్య దంపతులకు పిల్లల్లేరు. ఆ వలకు మిగిలిన చెయ్యి అతనిదొక్కటే. రోజంతా ఊళ్ళోవాళ్ళ వలలన్నీ అల్లే ఆ మనిషి, ఇంట్లో మేకుకు వేలాడే ఆ ఒక్క వల జోలికి ఇన్నేళ్ళూ పోలేదు. ముడి వేస్తే తమ్ముడు చచ్చిపోయాడని తన చేత్తో తనే ఒప్పుకున్నట్టు.

మధ్యాహ్నం సన్యాసమ్మ ఎండుచేపల బుట్ట దింపి, క్యారేజీ విప్పింది. అతను రెండు ముద్దలు తిని పక్కకు తోశాడు.

"మళ్ళీ ఆ ఆటేనా?" అంది. "ఎవరో నల్లపిల్లోడు కనపడితే తమ్ముడంటావు. వాడు పోయి ఎన్నేళ్ళయిందయ్యా? ఆ పిల్లోడు అప్పటికి పుట్టనన్నా పుట్టాడా?"

"వాడేనని నేనన్నానా? వాడిలా ఉంటాడన్నాను."

"అట్టాంటప్పుడు ఆ వల ఎందుకు పూర్తి చెయ్యవు? నువ్వొదలవు, సముద్రం వదలదు. మధ్యలో నీ తమ్ముడు నలిగి చస్తన్నాడు."

సూరయ్య గోలు వల చివరి ముడి బిగించి, దారం పళ్ళతో తెంపాడు.

"ఇయ్యాళ గెలిస్తే ఇంకో ఆట ఉంటదే. ఇంకోసారి కనపడతాడు. ఓడితే ఇంక కనపడడుగా. అప్పుడు ముడేస్తాలే."

ఇన్నేళ్ళలో అతను ఆ మాట అనడం అదే మొదటిసారి. బుట్ట నెత్తికెత్తుకుని వెళుతూ, శివాలయం ముందు ఆగి, ఆ ఊరూ పేరూ తెలియని జట్టు ఓడిపోవాలని సన్యాసమ్మ దండం పెట్టుకుంది. పెట్టుకున్నాక ఆమెకే మనసు అదోలా అయింది.

ఐదయ్యేసరికి కిరీటి ఉన్నవాటిలో పెద్ద టీవీని గుమ్మం వైపు తిప్పాడు. సూరయ్య స్టూలు మీద కూర్చున్నాడు. ఈ మూడు వారాల్లో ఆ జట్టు ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో అతనికి కంఠతా వచ్చు. ఫ్రాన్సును ఓడించారు. డెన్మార్కుతో సమానం. ఉరుగ్వేతో మూడు గోల్సు కొట్టి, మూడూ తిరిగిచ్చేశారు. స్వీడన్‌తో ఆట అదనపు సమయంలోకి పోయింది. అప్పుడు ఎవరు ముందు గోలు కొడితే ఆట అక్కడితో సరి. వీళ్ళే కొట్టారు. ఆ రోజు సూరయ్య కిరీటిని వాటేసుకుని ఏడ్చాడు. ఆట మధ్యలో ఒకసారి ఆ సెనెగల్ సముద్రం ఒడ్డు చూపించారు. రంగులేసిన పొడుగాటి పడవలు, ఎండేసిన వలలు, ఇసుకలో చిందులేస్తున్న జనం. "మనోళ్ళేరా" అన్నాడు సూరయ్య. ఇవాళ్టిది గెలిస్తే సెమీఫైనలట.

గోలు లేకుండానే సగం ఆట అయిపోయింది. ఖాళీ బుట్టతో సన్యాసమ్మ వచ్చి భర్త వెనక నిలబడింది. అంతవరకూ ఆమె ఆ ఆట చూసింది లేదు.

"ఎవరయ్యా?"

సూరయ్య వేలు పెట్టి చూపించాడు. సన్నటివాడు భుజం వంచి పరిగెడుతున్నాడు. బంతి గీత దాటిపోయింది. వాడు నడుం మీద చేతులు పెట్టుకుని, తల వాల్చి నిలబడ్డాడు.

సన్యాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొత్త కోడలిగా వచ్చిన ఏడు, పొద్దుగూకేవేళ అన్నం కోసం గుమ్మంలోకొచ్చి నిలబడే మరిది అలాగే నిలబడేవాడు. "వదినా, ఆకలే" అనేవాడు.

"అమ్మో, పుల్లయ్యే" అంది. భర్త పక్కన నేల మీద చతికిలబడి, "గెలవాలయ్యా, వీళ్ళే గెలవాలి" అంది. మధ్యాహ్నం పెట్టిన దండం వెనక్కి తీసుకునే దారి తెలియక రెండు చేతులూ ఒళ్ళో పిసుక్కుంది.

ఎవరూ గోలు కొట్టకుండా ఆట అదనపు సమయంలోకి పోయింది. "స్వీడన్‌కి ఇట్టాగే గదా పెట్టాం, భయపడమాకు బాబాయ్" అన్నాడు కిరీటి. ఆ మాటన్న కాసేపటికే పక్క నుంచి బంతి వచ్చింది, టర్కీవాడు కాలు ఆనించాడు, గోలులో వల కదిలింది. వల కదలడమే సూరయ్య చూశాడు. మంచి బిగువున్న వల అనుకున్నాడు. అంతలోనే సంగతి తెలిసింది. ఆట అక్కడితో సరి. సన్నటివాడు గడ్డి మీద కూలబడి మొహం దాచుకున్నాడు. వాణ్ణి ఇంకొంచెంసేపు చూపిస్తారనుకున్నాడు సూరయ్య. బనియన్ల ప్రకటన వచ్చింది.

"పోన్లే బాబాయ్. ఇంతదాకా వస్తారని ఎవరనుకున్నారు?"

"వచ్చారు గదరా" అన్నాడు సూరయ్య. "అంత దూరం నుంచి వచ్చారు."

చిట్టినగర్ కొండ మీద వాళ్ళ గది. మెట్లెక్కుతూ సూరయ్య మధ్యలో కూర్చున్నాడు. మొహం నిండా చెమట. సోడా తెస్తానంటే వద్దన్నాడు. ఇల్లు చేరాక చొక్కా అయినా విప్పకుండా మేకు మీది వల దించి, దుమ్ము దులిపి, గోడకు చేరగిలబడి కాలు చాపాడు. తమ్ముడి సూదికే కొత్త దారం చుట్టాడు.

సన్యాసమ్మ గుమ్మం బయట పొయ్యి రాజేసింది. లోపల్నించి దారం బిగుస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఏడుస్తూ అల్లుతున్నాడని ఆమెకు తెలుసు. ఏడవనీలే, ఇన్నేళ్ళ ఏడుపు అనుకుంది.

"ఎంతుందయ్యా?"

"ఆఖరి వరసేనే. పొద్దున్నే కృష్ణ ఒడ్డుకు పోదాం. నువ్వూ రా." కాసేపాగి, "అన్నీ వదులు ముళ్ళే వేశాడు, వెధవ. ఆట మీద ధ్యాస" అన్నాడు. ఆ గొంతులో నవ్వు విని ఆమె పొయ్యి ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

అన్నం వార్చి పిలిస్తే పలకలేదు. తొంగి చూస్తే తల గుండెల మీదికి వాలి ఉంది. దారం బొటనవేలికి బిగించినట్టే ఉంది. ఎప్పుడూ ఆగని ఆ వేళ్ళు ఆగిపోయి ఉన్నాయి.

మర్నాడు రత్తయ్యగారు వచ్చారు. కిరీటి షాపు మూసి వచ్చి పాడె మోశాడు. అన్నీ అయ్యాక రత్తయ్యగారు గోడవారనున్న వల చూసి, "ఇంకొక్క వరస కూడా లేదమ్మా. కొట్టుకి పంపు, పనివాడితో పూర్తి చేయిస్తాను. నదిలో వదిలేద్దువు గాని" అన్నారు.

"పరాయి చెయ్యి పడకూడదండీ."

"మరి ఇంకెవరున్నారు?"

సన్యాసమ్మ లేచి వల దగ్గరకెళ్ళింది. ఆ వలను సగంలో వదిలి పోయినవాళ్ళు ఇప్పుడు ఇద్దరు. వలను ముళ్ళు చిక్కుపడకుండా రెండు చేతుల మీదా ఎత్తి, పాత మేకుకే మళ్ళీ తగిలించింది. దాని చివర వెదురు సూది వేలాడుతోంది, సగం చుట్టు దారం ఇంకా మిగిలే ఉంది.