సుద్దతో రాసిన పొద్దు

సాయంత్రం సూది బెజ్జం కంటికి ఆనని క్షణాన దర్జీ గడియారం చూసి, ఆ టైము సుద్దముక్కతో గోడమీద రాసేది. చలికాలం చీకటి రోజురోజుకూ తొందరపడుతుంటే ఆమెకు ఒళ్లు మండేది.

"ఈ పొద్దుకేం మాయరోగమొచ్చింది?"

మంచం పట్టిన భర్త ఒకప్పటి బడిపంతులు. దారపు ఉండకు సూది గుచ్చి, దీపం ముందు వాల్చి చూపించాడు.

"భూమి ఇలా ఒరిగే తిరుగుతుందే. ఇప్పుడు మనమున్న వైపు సూర్యుడికి ఎడంగా వాలింది, అందుకే పగలు చిన్నది. చుట్టూ తిరిగి అవతలికెళ్లాక సూర్యుడివైపు వాలతాం. పెరుగుతుంది, చూస్తుండు."

"ముందు మీరు లేచి కూర్చోండి."

ఆయన లేవలేదు. ఆ వారంలోనే పోయాడు.

రెండు నెలల తర్వాత ఆమె మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. గోడమీది చివరి టైము దాటి పావుగంటయినా సూదిలోకి దారం ఇట్టే ఎక్కింది.

"పెరిగిందండోయ్!" అంటూ అలవాటుగా మంచంవైపు తిరిగింది. పరుపు చుట్టేసి ఉంది.

చీకటి పడడానికి ఇంకా బోలెడు సేపుంది.