దారి మళ్లింపు

ఎల్లమావాస్య రోజు కోడలికి పొయ్యి తప్ప వేరే లోకం ఉండదు. త్రివేణి చీకటితోనే లేచి భజ్జి కూరకు అనుములు, చిక్కుళ్లు ఉడకేసి, జొన్నరొట్టెలు తడుతూ కూర్చుంది. మధ్యాహ్నానికి అందరూ న్యాల్‌కల్ దగ్గరి చేనుకు పోయి, భూమికి మొక్కి, అక్కడే తినాలి. మొక్కేది మగవాళ్లు, తినేది అందరూ, వండేది మాత్రం ఆమె.

చేతులు పిండిలో ఉన్నా ప్రాణమంతా ఫోనులోనే ఉంది. ఆమె జహీరాబాద్‌లో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తుంది. అక్కడి పెద్ద, ప్రియదర్శిని మేడమ్, ఈ ఉదయం ఫోన్ చేస్తానంది. బృందాన్ని నడిపించే ఉద్యోగం త్రివేణికే ఇస్తారట, కాకపోతే అక్కడికొచ్చి ఉండాలి. ఆ సంగతి భర్త వికాస్‌కు చెబితే, చూద్దాం తియ్యి అని విత్తనాల దుకాణానికి పోయాడు. ఆ ఇంట్లో చూద్దాం అన్నదేదీ ఎవరూ చూసిన పాపాన పోలేదు.

ఆమె పనేమిటో ఇంట్లో ఎవరికీ పట్టదు. క్షణం కూడా ఆపకూడని కంప్యూటర్లు కొన్నుంటాయి. వాటిని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక ముక్క తప్పుగా పనిచేస్తుంటే, యంత్రం నడుస్తుండగానే సరిచేయాలి. పాత ముక్కను పీకేయరు, దాని మొదట్లోనే చిన్న మలుపు పెడతారు. పని అక్కడికి రాగానే ఆ మలుపు దాన్ని కొత్త ముక్కకు పంపేస్తుంది. పంపినవాళ్లకు మాత్రం తమ పని పాతచోటే జరిగిందన్న నమ్మకం. ఆ మలుపు పెట్టడంలో త్రివేణిది అందెవేసిన చేయి. పెళ్లైన కొత్తలో ఇదంతా వికాస్‌కు ఉత్సాహంగా చెబితే, మొత్తం విని, గ్యాస్ బుక్ చేసినవా అని అడిగాడు. అత్త భాగీరథి అయితే, మా కోడలు ఇంట్ల కూసొని ఏందో టైపు కొడ్తది అని వాడకట్టంతా చెబుతుంది. ఇంటినిండా మనుషులున్నా మాట్లాడుకోవడానికి ఒక్కరూ లేకపోవడం ఎంత బరువో త్రివేణికే తెలుసు.

పొద్దున కూతురు రుచిత ఏడుస్తుంటే అత్త ఆ ఫోనే చేతికిచ్చి బొమ్మలు పెట్టింది. చార్జింగ్ అయిపోయి అది ఆగిపోయింది. త్రివేణి చూసి పరుగున చార్జింగ్ పెట్టింది. మళ్లీ వెలిగాక ఎవరూ చేసిన జాడ లేదు. హమ్మయ్య అనుకుంది.

చేనులో అందరికీ వడ్డించాక కూడా ఫోన్ రాకపోయేసరికి గట్టు మీదికి నడిచి తనే చేసింది.

"పొద్దున్నే చేశాను త్రివేణీ, మీవారు మాట్లాడారు. నువ్వు ఇల్లు వదిలి రాలేవన్నారు. చాలా బాధేసింది. సాయంత్రం నీ బదులు మన బృందంలోని వినయ్ పేరు ఖాయం చేస్తున్నాం" అంది ప్రియదర్శిని.

త్రివేణికి అప్పుడు గుర్తొచ్చింది. రుచిత పుట్టినప్పుడు దవాఖానలో వికాస్ ఆమె ఫోనులో ఏదో నొక్కుతూ, నీ ఫోన్ బందున్నప్పుడు కాల్స్ నాకొస్తయి, ఫికర్ చెయ్యకు అన్నాడు. అప్పుడది ప్రేమనుకుని మురిసిపోయింది. పిల్ల పరుగులు పెడుతున్నా అది తీసేయాలని ఇద్దరికీ తోచలేదు. ఊరందరి యంత్రాల్లో మలుపులు పెట్టే మనిషి, తన ఫోనులో ఉన్నది కనిపెట్టలేకపోయింది. తనమీద తనకే కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"మేడమ్, ఆ జవాబు నాది కాదు. నేనొస్త. రేపే వస్త."

సరే రా, వినయ్ పేరు ఆపుతాను అంది ప్రియదర్శిని. త్రివేణి అక్కడే నిలబడి ఆ మళ్లింపు తీసేసి, కళ్లు తుడుచుకుని వెనక్కి వచ్చింది. వికాస్ భజ్జిలో రొట్టె ముంచుకుని తింటున్నాడు.

"మేడమ్‌కు నేను రానని చెప్పినవంట?"

"చెప్పిన. నేను చెప్తే ఒకటి, నువ్వు చెప్తే ఒకటా? పండుగ పూట నిన్నెందుకు పరేషాన్ చేసుడని నీకు చెప్పలే" అన్నాడు, తల ఎత్తకుండానే. అతని గొంతులో తప్పు చేసిన జంకైనా లేదు. ఆమెను గుచ్చింది అదే.

"రేపు పొద్దుగాల బస్సుకు పోతున్న. కొల్వుల చేరుత."

భాగీరథి చేతిలో అంబలి చెంబు ఆగిపోయింది. వికాస్ ఇప్పుడు తలెత్తాడు.

"మరి రుచితను ఎవరు చూస్తరు? ఇల్లెట్ల నడుస్తది?"

త్రివేణి తన కోసం ఒక రొట్టె తీసుకుని, వాళ్ల పక్కనే కూర్చుంది.

"నా జవాబు నువ్వే చెప్పినవు గద. గీ జవాబు గూడ నువ్వే చెప్పు."