తాటిదోనెలో నిలబడ్డట్టు

గ్లాసులు తొలుస్తుంటే హాల్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆకివీడులో మా చర్చి హాలుకి శనివారం సాయంత్రాలు నర్సింగ్ కాలేజీ పిల్లలు వస్తారు. పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో పిల్ల తోడు. వ్యాయామం చేయిస్తారు, కబుర్లు చెప్పుకుంటారు. మొదటిరోజు మావారు ఎజ్రాగారితో పాటు నేనూ వచ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పి నేరుగా వంటగదిలోకి నడిచాను. ఎవరూ పంపలేదు. పెళ్లిళ్లయినా, ప్రార్థన కూటాలైనా ఈ హాల్లో నా కాళ్లకి తెలిసిన దారి అదొక్కటే.

"ఆ మామ్మగారు చేయరాండీ?" అని అఖిల అనే పిల్ల ఆయన్ని అడిగింది.

"మా ఆవిడకి వేరే వ్యాయామం ఎందుకమ్మా? ఇంట్లో రోజంతా అదే కదా!" అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, టీలో పంచదార సరిపోయిందా అని అడిగాను. అప్పటినుంచీ నాకు తోడుగా ఏ పిల్లనీ ఇవ్వలేదు. తర్వాత చేరిన పిల్లలు కొందరు నేను చర్చిలో పనిచేసే మనిషిననే అనుకున్నారు.

ఈ సాయంత్రం పాలు స్టవ్ మీద పెట్టి, బిస్కెట్ల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చాను. పెద్దవాళ్లు ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకుంటున్నారు, పడిపోకుండా ఉండటానికట. అందరూ తూలుతున్నారు. ఎజ్రాగారు పట్టుకున్న కుర్చీ వదలడం లేదు. పక్కనున్న చేపల చెరువు మీది ఎండ కిటికీలోంచి పడి పైకప్పంతా అలలు అలలుగా కదులుతోంది. చూస్తూ చూస్తూ ఉండగా కాళ్లకింద నేల మెత్తబడింది. చిన్నప్పటి కొల్లేట్లో, తాటిమొద్దు తొలిచి చేసిన తాటిదోనె. నా చేతిలో గడ. వెనకనుంచి నాన్న, "నీళ్లతో పోట్లాడకే, అది ఊగితే నువ్వూ ఊగు" అంటున్నాడు. కలువాకుల వాసన. దోనె నడుపుతున్నంతసేపూ నన్నెవరూ ఏదీ అడిగేవారు కాదు.

పళ్లెం కిటికీ గట్టు మీద ఎప్పుడు పెట్టానో, కాలెప్పుడు ఎత్తానో తెలియలేదు. అందరూ నావైపే చూస్తుంటే గమనించాను, ఒంటికాలి మీద తూలకుండా నిలబడి ఉన్నాను.

"మామ్మగారండీ, ఎవరు నేర్పారండీ?" అఖిల దగ్గరికొచ్చింది.

"కొల్లేరమ్మా."

"నాకూ నేర్పరా? నేనే పడిపోతున్నాను." నా చెయ్యి పట్టుకుంది. చల్లటి చెయ్యి. వేణ్ణీళ్లలో నానిన నా వేళ్లకి హాయిగా ఉంది. "మీ పేరేంటండీ?"

కాస్త ఆలోచించాల్సి వచ్చింది. "క్రిస్టినా."

"నేల చూడకు తల్లీ, దూరంగా చూడు" అంటున్నాను. ఆ పిల్ల ఊగుతోంది, నేనూ ఊగుతున్నాను. మా చుట్టూ మిగతావాళ్లు కూడా కుర్చీలు వదిలి కాళ్లెత్తారు.

అప్పుడే పాలు మాడిన వాసన వచ్చింది.

"ఏమేవ్, పాలు పొంగుతున్నాయి!" అన్నారు ఎజ్రాగారు. అలవాటు కొద్దీ నా ఒళ్లు వంటగది వైపు తిరగబోయింది. దోనె ఒక్కసారి ఒరిగింది. అఖిల వేళ్లు బిగిశాయి, నేను దూరంగా కిటికీ అవతలి నీళ్లని చూశాను. దోనె నిలబడింది.

"స్టవ్ మీట కుడివైపుకి తిప్పితే ఆరిపోతుందండీ" అన్నాను, కాలు దించకుండానే.