పసుపు ఏప్రన్‌కు దిగిన బాతులు

ఆల్చిప్ప అంచున కత్తిమొన ఆనించి, మణికట్టు కొంచెం తిప్పి, వెర్నా ప్రూయిట్ లోపలి కండను డబ్బాలోకి జార్చింది. ఖాళీ గుల్లను చూడకుండానే వెనక గుట్టలోకి విసిరింది. పెళ్లయిన ఏటి నుంచీ చలికాలమంతా ఆమెకు ఇదే పని. చెసపీక్ అఖాతం ఒడ్డున ఆ రేకుల షెడ్డులో ఆడవాళ్లందరివీ పసుపు రబ్బరు ఏప్రన్లు, ఉప్పునీటికి చిట్లిన వేళ్లు.

"ఏమే, మీ పెద్దమనిషి ఉన్నాడా, పెళ్లాం పోరు పడలేక పారిపోయాడా?" అంది పక్కనున్న ఆర్డెల్.

"నీలాంటి పెళ్లామైతే ఎప్పుడో పారిపోయేవాడు."

పెద్దమనిషంటే చలికాలానికి ఉత్తరం నుంచి వలస వచ్చే ఒక మగ కెనడా బాతు. భర్త చనిపోయిన ఏడాది, పని నుంచి వచ్చి ఏప్రన్ విప్పే ఓపిక కూడా లేక, వెర్నా అలాగే ఇంటి వెనక ఏటి ఒడ్డున నిలబడి మొక్కజొన్నలు చల్లింది. తుపాకులు ఎరిగిన పక్షులవి. పొలంలో మనిషి నిలబడి కనిపిస్తే గుంపంతా లేచిపోతుంది. అదొక్కటి మాత్రం, చర్చిలో చందా పళ్లెం పట్టుకు తిరిగే పెద్దమనిషిలా నింపాదిగా నడుచుకుంటూ ఆమె బూటు దాకా వచ్చింది. ఆ తర్వాత ప్రతి నవంబరులోనూ వచ్చింది, ఆడబాతుతో, పిల్లలతో, ఆపైన గుంపుతో.

వాటి గురించి వెర్నా జిల్లా వారపత్రికలో రాసేది. జనం చదివి నవ్వుకునేవారు. మరిది రాయిస్ ఒక్కడే ఒక ఆదివారం ఆమె బల్ల దగ్గర కూర్చుని శ్రద్ధగా అడిగాడు, ఏప్రన్ లేకుండా వెళ్తే దిగవా అని. తన రాతను అంత మనసుపెట్టి చదివినవాడు ఆమెకు అంతకుముందు లేడు. ఆ సంతోషంలో మరుసటి వారం అదే రాసింది: మామూలు కోటుతో వెళ్తే పైనే తిరుగుతాయి, పసుపు కనిపిస్తే దిగుతాయి.

ఆర్డెల్ ఎగతాళి చేసిన రోజు సాయంత్రం వెర్నా షెడ్డు నుంచి ఇంటికొచ్చేసరికి రాయిస్ వరండా కమ్మీకి సంచి తగిలిస్తున్నాడు. వేటకొచ్చే పట్నం వాళ్లను పొలాల్లోకి తీసుకెళ్లడం అతని పని. వేట బాగా సాగితే ఇరుగుపొరుగుకు వాటా పంచడం అక్కడి ఆనవాయితీ.

"మంచి వేట వదినా, ఈ ఏడాదికి ఇదే. గుంజకి ఏప్రన్ కట్టి పొలం మధ్యలో పాతాం. తిన్నగా వచ్చి దిగాయి."

వెర్నా చేతిగ్లౌజు ఒక్కో వేలూ లాగి తీసింది.

"పెద్దమనిషి కూడానా?"

"ముందు దిగింది వాడే. నువ్వు రాసిందంతా నిజమే వదినా, ఒక్క అక్షరం తప్పు లేదు."

ఎవరేమిచ్చినా థాంక్స్ చెప్పడం ఆమెకు చిన్ననాటి అలవాటు. ఆ మాట నోటి నుంచి వచ్చేసింది. రాయిస్ టోపీ తాకి, బండెక్కి వెళ్లిపోయాడు.

ఆమె ఏటి ఒడ్డుకు నడిచింది. పొద్దు వాలుతుండగా ఒక్క బాతు అరుచుకుంటూ వచ్చింది. ఆడది. రెల్లు మీదుగా కిందికి దిగబోయి, ఒడ్డున పసుపు రంగు చూసి, రెక్కలు బలంగా కొట్టుకుంటూ పైకి లేచింది. వెర్నా గబగబా మెడ వెనక ముడి లాగి ఏప్రన్ నీళ్లలోకి తోసేసింది. అప్పటికే అది ఏరు దాటి, అవతలి పైన్ చెట్ల మీదుగా కనుమరుగైంది.

వరండాలో సంచి అలాగే వేలాడుతోంది. అందులో ఈక ముక్కయినా లేకుండా శుభ్రంగా కడిగిన రెండు రొమ్ము ముక్కలు. అడుగు నుంచి చెక్క మీదికి ఒక్కో చుక్కే కారుతోంది.