నాలుగోసారికి కూర్చునే కుక్క

హెడ్మాస్టరుగారికి ఏ మాటైనా నాలుగుసార్లు చెప్పడం అలవాటు. కొత్తగా తెచ్చిన కుక్కపిల్లకీ రోజూ ఉదయంపూట అలాగే నేర్పారు. "కూర్చో, కూర్చో, కూర్చో, కూర్చో" అని, అప్పుడు బిస్కెట్ ఇచ్చేవారు. నెల తిరిగేసరికి తన శిష్యుడు ఆరితేరాడని వీధంతా చెప్పుకొచ్చారు. మొదటి మూడుసార్లూ అది గోడ వంక చూస్తుండడం ఆయన భార్య ఒక్కతే గమనించింది.

ఒకరోజు అది ఇంటి ఓనరమ్మ మీదికి దూకింది. "ఆదివారం వస్తాను. నా మాట వింటే ఉంటుంది, లేదంటే పంపించెయ్యాల్సిందే," అందావిడ. కుక్కపిల్లను వదల్లేని భార్యకు వారమంతా ముద్ద దిగలేదు.

ఆదివారం ఓనరమ్మ వచ్చి "కూర్చో" అంది. కుక్కపిల్ల తోకాడిస్తూ నిలబడింది. హెడ్మాస్టరుగారి ముఖం పాలిపోయింది.

"ఇంకో మూడుసార్లు అనండి పిన్నిగారూ," అంది భార్య. "దాని తప్పేం లేదు. మావారు చెప్పిన చదువు అది."

ఓనరమ్మ మూతి ముడుచుకునే అంది. నాలుగోమాటకు కుక్కపిల్ల బుద్ధిగా కూర్చుంది.

"నాలుగుసార్లకే వింటుందా?" ఓనరమ్మ నిట్టూర్చింది. "మా ఆయనకి ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. ఉండనీలే అమ్మా."

హెడ్మాస్టరుగారు మీసం సవరించుకుని, వీలైతే ఆయన్ని కూడా ఉదయంపూట పంపించమన్నారు.