చెత్త బండితో ఆఖరి షాట్

చెత్త బండి ఇంకా రాలేదు. దాని పాట మాత్రం సందంతా మారుమోగుతోంది.

"ఆపు, ఆ-దె! ముందు ఆ పాట ఆపు!" అని అసిస్టెంట్ డైరెక్టర్ పెయ్-లాన్ అరిచేసరికే ఆలస్యమైపోయింది.

టపటపా తలుపులు తెరుచుకున్నాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలకు రంగు పట్టించుకున్న ఒకావిడ, సగం గడ్డమే గీసుకున్న ఒకాయన, మనవరాలిని చంకనేసుకున్న ఒక తాతగారు, చూస్తుండగానే సందు సందంతా చెత్త సంచులతో కిందికి దిగిపోయింది. కీలుంగ్ రేవు వెనక కొండవాలు మీద ఉన్న సందు అది. అక్కడి జనం భూకంపం వచ్చినా బద్ధకిస్తారేమో గాని, ఆ పాట వినపడితే ఆగరు. బండి నిలిచేది నిమిషమే, ఎవరి సంచి వాళ్ళే అందులో వెయ్యాలి.

"బండేదీ?" అంది రంగు పట్టించుకున్నావిడ.

సౌండు చూసే ఆ-దె స్పీకరుని ఒళ్ళో దాచుకున్నాడు. ఆ స్పీకరు చిన్న పందిపిల్లంత ఉంటుంది.

"రిహార్సల్ పిన్నీ" అంది పెయ్-లాన్, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "సినిమా కోసం..."

"సినిమానా? పొయ్యి మీద చేప పెట్టి వచ్చానే పిల్లా! అది మాడిందంటే నీ నెత్తిన బోర్లిస్తా!"

తప్పు పెయ్-లాన్‌దే. నటులకు ఊపు రావాలని పాట గట్టిగా పెట్టించింది ఆమే. అసలు ఈ షాట్ ఆలోచన కూడా ఆమెదే. సినిమా ముగ్గురి కథ. ఒక బస్సు డ్రైవరు, నూడుల్స్ కొట్టు నడిపే ఒక వితంతువు, ట్యూషన్లు చెప్పుకునే ఒక అమ్మాయి. ఒకరు మర్చిపోయిన గొడుగు ఇంకొకరి చేతికొస్తుంది. ఒకరు ఆడిన అబద్ధం ఇంకొకరి పెళ్ళి చెడగొడుతుంది. అయినా సినిమా పొడుగునా ఆ ముగ్గురూ ఒకరికొకరు ఎదురుపడరు. ఆఖరి షాట్‌లో, చెత్త బండి చుట్టూ మూగిన జనం మధ్య, మొదటిసారి వాళ్ళ కళ్ళు కలుస్తాయి. ఆ షాట్ లేకపోతే చేతిలో మిగిలేది మూడు ముక్కలు, సినిమా కాదు.

జనాన్ని పెట్టుకునే స్థోమత వాళ్ళకెక్కడిది? కెమెరా తిరగడానికి పట్టాలు కూడా లేవు. పక్క క్లినిక్‌లో అరువడిగిన చక్రాల కుర్చీలో డైరెక్టర్ జువాంగ్ కెమెరా పట్టుకుని కూర్చుంటే, వెనకనుంచి ఆ-దె తోస్తాడు. అందుకే పెయ్-లాన్ పథకం వేసింది. ఏడింటికి నిజం బండి వస్తుంది, దానితోపాటు నిజం జనం వస్తారు, పైసా ఖర్చు లేకుండా తీసేసుకుందాం అని.

అదీ ఈ మంగళవారమే కావాలి. బుధవారం బండి రాదు. పైగా వితంతువు వేషం వేసిన యూ-లువాన్ తెల్లారితే ఒక టీవీ సీరియల్లో సన్యాసిని పాత్రకు గుండు చేయించుకుంటోంది.

గొడవ విని వార్డు పెద్ద చియెన్ స్కూటర్ మీద దిగాడు. సందులో ఎవరి పిల్లి తప్పిపోయినా తన ఆఫీసు మైకులో ప్రకటించేది ఆయనే.

"ఏమ్మాయ్, షూటింగ్ అంటే సరేనన్నాను. జనాన్ని ఫూల్స్ చెయ్యమన్నానా?"

"తప్పయింది బాబాయ్. ఇంకోసారి ఆ పాట పెట్టం."

"పెట్టారో, ఆ చక్రాల కుర్చీలో మీ డైరెక్టర్ని సముద్రం దాకా తోసేస్తా" అని, జనం వైపు తిరిగి హామీ ఇచ్చాడు. "మీరు నిశ్చింతగా ఉండండి. ఇంక వీళ్ళ ఆటలు సాగనివ్వను."

ఆ మాటలో ఉన్న ప్రమాదం అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఏడయింది. చినుకులు ఆగాయి. వీధి దీపాల కింద తడి రోడ్డు మెరుస్తోంది. ముగ్గురు నటులూ సంచులతో సిద్ధంగా నిలబడ్డారు. పై మలుపులో పాట మొదలైంది. పసుపు పచ్చ బండి మెల్లగా సందులోకి తిరిగింది.

"యాక్షన్!" అన్నాడు జువాంగ్.

ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

పాట మోగుతోంది. ముగ్గురు నటులు ఖాళీ వీధిలో దిష్టిబొమ్మల్లా నిలబడ్డారు. అంతలో పైనుంచి మైకు ఖంగుమంది.

"సందు ప్రజలకు విజ్ఞప్తి. ఎవరూ బయటికి రావద్దు. మళ్ళీ ఆ సినిమా వాళ్ళే!"

"అయ్యో బాబాయ్!" అంటూ పెయ్-లాన్ ఆఫీసు మెట్లెక్కి పరిగెత్తింది. దారిలో ప్రతి తలుపూ బాదింది. "నిజం బండి! ఈసారి నిజం!"

"పోవే దొంగమొహమా!" అని లోపలినుంచి జవాబు.

చియెన్ మైకు ముందు కూర్చుని నూడుల్స్ తింటున్నాడు. పెయ్-లాన్ ఆయాసంతో మాట రాక, ఆయన భుజం పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. కింద పసుపు పచ్చ బండి. వెనక నిలబడ్డ మనిషి, ఈ సందు వాళ్ళకేమైందన్నట్టు తల గోక్కుంటున్నాడు. బండి కదలబోతోంది.

చియెన్ చూపు బండి మీంచి మూలనున్న సంచి మీదికి పోయింది. నిన్నటి విందులో మిగిలిన రొయ్యల పొట్టు.

"రేపు బుధవారం కదూ?" అన్నాడు.

"అవును బాబాయ్."

"మా ఆవిడ నన్ను చంపేస్తుంది!" మైకు అందుకున్నాడు. "నిజం బండి! పరిగెత్తండి! అయ్యో, వెళ్ళిపోతోంది, పరిగెత్తండి!"

సంచి పట్టుకుని తనే ముందు దూకాడు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి రబ్బరు బూటు.

సందు పగిలినట్టయింది. అన్ని తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. "ఆపండి! ఆపండి!" అంటూ జనం పల్లంలోకి ఉరికారు. బండి ముందు, జనం వెనక, జనం వెనక చక్రాల కుర్చీ.

"తొయ్యరా, ఇంకా తొయ్యి!" అని జువాంగ్ కేక.

"నేను తొయ్యట్లేదు సార్! అదే పోతోంది!" అని ఆ-దె ఏడుపు.

స్క్రిప్టు ప్రకారం ముగ్గురూ కదలకుండా నిలబడి బరువుగా చూసుకోవాలి. ఎక్కడి బరువు! తాతగారు వెనకబడుతుంటే యూ-లువాన్ తన సంచి పారేసి ఆయన సంచి లాక్కుని పరిగెత్తింది. చియెన్ సంచి చిరిగి రొయ్యల పొట్టు కారుతుంటే, బస్సు డ్రైవరు వేషంలో ఉన్న కుర్రాడు కింద చొక్కా పరిచి పట్టాడు. ట్యూషన్ అమ్మాయి బండికి అడ్డంగా వెళ్ళి రెండు చేతులూ చాపింది. బండి ఆగింది. సంచులు గాల్లోకి లేచాయి.

అప్పుడు, వగరుస్తూ, ఆ ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. యూ-లువాన్ జుట్టులో ఒక రొయ్య తల. దాన్ని చూసి డ్రైవరుకి నవ్వొచ్చింది, అతన్ని చూసి అమ్మాయికి, ఆమెను చూసి సందుకంతటికీ.

కుర్చీ బండి చక్రానికి తగిలి ఆగింది. జువాంగ్ కట్ చెప్పలేదు. బండి మలుపు తిరిగి, పాట రేవు వైపు సన్నగా వినపడకుండా పోయేదాకా చెప్పలేదు.

"వచ్చిందా?" అంది పెయ్-లాన్.

జువాంగ్ కెమెరా తెర ఆమె వైపు తిప్పాడు. "నువ్వు రాసిన చూపు లేదు. ఈ నవ్వుంది. చాలా?"

ఆమె మూడుసార్లు చూసింది. ముక్కలు మూడూ అతుక్కున్నాయి. "చాలు" అంది.

చియెన్ ఇద్దరి మధ్యనుంచి తల దూర్చాడు. "నేనున్నానా ఇందులో?"

"సినిమా ముగింపే నువ్వు బాబాయ్."

"అయితే మళ్ళీ తియ్యండి! బూటొకటి, చెప్పొకటి వేసుకున్నాను!"

"రేపు నాకు జుట్టుండదు బాబాయ్" అంది యూ-లువాన్, రొయ్య తల తీసి ఆయన చేతిలో పెడుతూ.

సామాను సర్దుతుంటే పెయ్-లాన్‌కి గోడ పక్కన పెద్ద సంచులు కనిపించాయి. పొద్దుట్నుంచీ యూనిట్ తిన్న భోజనం డబ్బాలు. అందరి చెత్తా బండెక్కింది, వీళ్ళది తప్ప. గురువారం దాకా దిక్కు లేదు.

సంచులు భుజానేసుకుని నాలుగడుగులు వేసిందో లేదో, వెనక మళ్ళీ ఆ పాట! పెయ్-లాన్ గిర్రున తిరిగి, "ఆగండి, ఆగండి!" అని అరుస్తూ ఎదురు పరిగెత్తింది.

వీధి ఖాళీ. మూడో అంతస్తు కిటికీలో తలకు రంగు పట్టించుకున్నావిడ పెదాలు సున్నా చుట్టి ఈల వేస్తోంది.

"రిహార్సల్, పిల్లా!" అంది.